రోజూ చెరిగే గీత

మేడ్చల్ పాత ఇళ్లలో, శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి ముగ్గు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. రాజీవ్ రహదారి పొడవునా లేచిన అపార్టుమెంట్లలో మాత్రం వాకిలి లిఫ్టు ముందరి నాలుగు టైల్సుకు కుదించుకుపోయింది. వాటి మీద ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గు. ఆ ఇళ్ల పిల్లలే ఫీజు కట్టి డ్రాయింగ్ క్లాసుకు వెళ్తుంటారు. గీత నేర్పగల అమ్మమ్మ ఇంట్లోనే ఉందన్న సంగతి ఎవరికీ తట్టదు.

ముగ్గుకు ముందు చిటికె కుదరాలి. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి, వేళ్లు నేలకు తగలకుండా సన్నగా జారవిడవాలి. చెయ్యి ఆగితే పిండి కుప్ప పడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. మణికట్టు ఒక్కటే తిప్పితే పెద్ద వంపు రాదు, భుజం నుంచి చెయ్యంతా కదలాలి. కాగితం మీద గీసే పిల్లల్లో చాలామందికి కొరవడేది సరిగ్గా ఈ కదలికే. తడి ఆరీ ఆరని నేల అయితే పిండిని బాగా పట్టుకుంటుంది. ముగ్గురాయి పొడి తెల్లగా మెరుస్తుంది, బియ్యప్పిండి చీమలకు మేతవుతుంది.

తర్వాత చుక్కలు. చుక్కలు కలిపే ముగ్గు సులువు. చుక్కను ముట్టకుండా చుట్టుకుంటూ పోయే మెలికల ముగ్గులోనే అసలు ఆట ఉంది. ఒక్క చుక్కా ఒంటరిగా మిగలకూడదు, గీత బయలుదేరిన చోటికే చేరాలి. మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టి, ఏటవాలుగా అల్లుకుంటూ, అంచుల్లో మలుపు తిప్పుకుంటూ పోండి. మొత్తం ఒకే గీతతో పూర్తవుతుంది. మూడు వరుసల్లో మూడేసి పెడితే మూడు వేర్వేరు గీతలు కావాలి. వరుసల సంఖ్యకూ ఒక్కో వరుసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని. ఆరో తరగతి లెక్క వాకిట్లోనే తేలిపోయింది! అంగోలాలో చోక్వే జనం ఇసుకలో చుక్కల చుట్టూ వేలితో గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. తమిళుల ముగ్గులైన కోలాల అల్లికను మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి బృందం 1974లో కంప్యూటర్ సైన్సు వ్యాకరణంగా రాసింది.

అయితే నా దృష్టిలో ముగ్గుకున్న పెద్ద గుణం లెక్క కాదు, చెరిగిపోవడం. మధ్యాహ్నానికి కాళ్లూ బండ్లూ తొక్కేస్తాయి, మర్నాడు మళ్లీ ఖాళీ నేల. వంకర పోయినా పోయేదేమీ లేదు కనుక చెయ్యి బెదరదు. నోటుపుస్తకం చివరి పేజీల్లో పిల్లలు గీసే పిచ్చిగీతల ధైర్యమూ అలాంటిదే. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగెత్తించే ఫోను సందేశం వినిపించి, సగం మంది చేత కాగితం మీది ఆకారాలను పెన్సిలుతో నింపించారు. వాళ్లు మిగతావాళ్లకంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారని 2009లో ప్రకటించారు. అది జ్ఞాపకం మీద చేసిన చిన్న పరీక్ష. దాన్ని పట్టుకుని పిచ్చిగీతలతో చిత్రకారులైపోతారని చెప్పలేం. పిచ్చిగీత గదమాయించి ఆపించాల్సిన దురలవాటు కాదనడానికి మాత్రం అది చాలు.

ఈ ధైర్యాన్ని చెడగొడుతున్నవి రెండు. చిల్లుల అచ్చు మీద పిండి పోసి ఎత్తేస్తే ముగ్గు పడుతుంది గానీ చెయ్యి ఏమీ నేర్చుకోదు. ఇక సంక్రాంతి పోటీలు: గడియారం పెట్టి, మార్కులు వేసి, ఫోనులో చూసిన నెమలినే అందరి చేతా దింపిస్తున్నాయి.

ఇంట్లో మొదలుపెట్టడానికి పలకా బలపమూ చాలు. తుడిచే గుడ్డ దాచేయండి. తొమ్మిది చుక్కలు పెట్టి, వాటిని ఎన్ని రకాలుగా చుట్టవచ్చో చూడమనండి. ఒకరు సగం ముగ్గు వేస్తే రెండోవారు అద్దంలో చూసినట్టు మిగతా సగం పూర్తిచేయాలి. చెయ్యి తిరిగాక చుక్కల్ని వదిలేసి, పడిన మెలికలోనే చేపనో చిలుకనో వెతకమనండి. గీత తప్పితే దాన్నే కొత్త మలుపుగా వాడుకోనివ్వండి.

ఈ సంక్రాంతికి రంగుల ప్యాకెట్లు కొనకముందు పిల్లల చేతికి గుప్పెడు తెల్లముగ్గు ఇవ్వండి. మగపిల్లలకూ ఇవ్వండి. పోటీకి మాత్రం అప్పుడే పంపకండి.