పచ్చ తీగ ఎక్కడికి వెళ్తోంది?

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో బంధువుల గృహప్రవేశం. కొత్త ఫ్లాటు, నేలంతా పాలరాయి, పూజగదికి చెక్కిన టేకు తలుపులు. హాల్లో ఓ కుర్రాడు సీరియల్ లైట్లు కడుతున్నాడు. తీగ చివర ప్లగ్గు లేదు. కొసలు పళ్ళతో ఒలిచి, సాకెట్ పై రంధ్రంలో స్క్రూడ్రైవర్ గుచ్చి, కింది రెండు రంధ్రాల్లో ఒట్టి రాగి పోగులు దూర్చి, ఊడిరాకుండా అగ్గిపుల్లలు దిగ్గొట్టాడు. ఆ బోర్డు నేలకు జానెడెత్తున ఉంది. ఇల్లంతా పిల్లలు పరుగులు పెడుతున్నారు.

"ప్లగ్గు పెట్టొచ్చు కదా బాబూ?" అన్నాను.

"మా ఓనర్ వైర్లే ఇస్తడు సార్. ప్లగ్గులు ఇయ్యడు."

కోపం వచ్చింది. ఈ కాలమ్ చదివేవాళ్ళకి మూడో పిన్ను మీద నా పట్టుదల తెలిసిందే. టూపిన్ బోర్డులో పట్టడం లేదని పై పిన్ను విరగ్గొట్టే ఇళ్ళ గురించి ఇదివరకూ రాశాను, ఇకముందూ రాస్తాను. ఎందుకంటే ఆ పిన్ను ఊరికే అలా తయారు కాలేదు. మిగతా రెండింటికన్నా అది పొడుగు. కాబట్టి లోపలికి వెళ్ళేటప్పుడు ముందుగా ఎర్త్‌ని అందుకుంటుంది, పీకేటప్పుడు అన్నిటికన్నా చివర వదులుతుంది. లావు కూడా, పొరపాటున సైతం ఫేజు రంధ్రంలో దూరదు. మంచి సాకెట్లలో కింది రంధ్రాలకు లోపల చిన్న ప్లాస్టిక్ తలుపులుంటాయి. పై పిన్ను దిగి తోస్తేనే అవి తెరుచుకుంటాయి. పసివాడు మేకు పట్టుకొచ్చి కింది రంధ్రంలో గుచ్చినా లోపలికి పోకూడదని ఆ ఏర్పాటు. ఈ గుండ్రటి పిన్నుల రూపం బ్రిటిష్‌వాళ్ళ బీఎస్ 546 ప్రమాణం నుంచి వచ్చింది. వాళ్ళు 1947లో బీఎస్ 1363 తెచ్చుకుని పలక పిన్నులకు మారారు. మనం గుండ్రటివే ఐఎస్ 1293 కింద ఉంచుకున్నాం. దానివల్ల మనకి నష్టమేమీ లేదు, అది బుద్ధిగా ఆలోచించి చేసిన వస్తువు. అంత ఆలోచనా ఒక్క స్క్రూడ్రైవర్ పోటుకి వృథా అవుతోంది.

మనవాళ్ళకి జాగ్రత్త లేదు అనుకుంటూనే ఇంటికొచ్చాను. జాగ్రత్త అనుకోగానే నరసరావుపేటలో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడంత జాగ్రత్త మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమ్మమ్మ ఇంట్లో ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. అందుకని ఆవిడ ఫ్రిజ్జు ముందు ఓ చెక్కపీట వేసింది. పీట పక్కన ఓ జత ప్లాస్టిక్ చెప్పులు. పాలగిన్నె తియ్యాలంటే చెయ్యి కొంగుకి తుడుచుకుని, చెప్పులేసుకుని, పీటెక్కి, అప్పుడు తలుపు తీసేది. పిన్నమ్మలకీ అత్తలకీ అదే నేర్పింది. "తడి చేత్తో ముట్టుకోకండే" అన్నది ఆ వంటింట్లో రోజూ వినబడే మాట. ఇంటి మగవాళ్ళకి అది పట్టలేదు, వాళ్ళకి ఫ్రిజ్జుతో పనే పడేది కాదు. అలా ఏళ్ళు గడిచాయి.

వేసవి ముదిరాక వైర్‌మన్ ఒకాయన వచ్చేవాడు. మోటారు చూసి, ఫ్యూజు కట్టలు సరిచేసి వెళ్ళేవాడు. ఒకసారి మంచినీళ్ళకోసం వంటింటి గుమ్మంలోకొచ్చి ఆ పీట చూశాడు. సంగతి విన్నాడు.

"పిన్నిగారూ, ముందా పీట తీసెయ్యండి. మీరు దానిమీద నిలబడుతున్నంతకాలం ఈ ఫ్రిజ్జుని ఎవరూ బాగుచేయించరు" అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సంచిలోంచి ఓ హోల్డరు, దానికి రెండు పొడుగాటి తీగలు, 40 వాట్ల బల్బు తీశాడు. రెండు తీగలూ ఫేజుకీ న్యూట్రల్‌కీ ఆనించాడు. బల్బు తెల్లగా వెలిగింది. న్యూట్రల్ తీగ తీసి ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. ఫిలమెంటు ఎర్రగా, నిప్పు ఆరిపోతున్నట్టు మిణుకుమంది. ఆ ఎర్త్ రంధ్రం నుంచి వెళ్ళే పచ్చ తీగ వెంటే పెరట్లోకి వెళ్ళాడు. గోడవారన ఎర్త్ గుంట. ఎప్పుడో పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా వేసి పూడ్చింది. పల్నాటి ఎండకి నేల నెర్రెలిచ్చింది. క్లాంపు తుప్పు గీకి మళ్ళీ బిగించాడు. మేం పిల్లలం బావిలోంచి నీళ్ళు తోడి బిందెలతో పోశాం. నేల బుసబుసమంటూ తాగేసింది. ఆయన మళ్ళీ బల్బు పెట్టి చూపిస్తే ఈసారి దాదాపు మామూలుగానే వెలిగింది. ఫ్రిజ్జు వెనక కంప్రెసర్ దగ్గర రబ్బరు పోయి రేకుకి తగులుతున్న తీగ కూడా ఆయనే పట్టుకున్నాడు. పీట తులసికోట దగ్గరికి వెళ్ళింది.

ఆ వైర్‌మన్ మాట విలువ నాకు ఈ వారమే పూర్తిగా తెలిసొచ్చిందనిపిస్తోంది. జాగ్రత్త మనిషి పడాలని మనం చెబుతున్నంతసేపూ గోడలో ఉన్న జబ్బు గోడలోనే ఉంటుంది. ఆ జాగ్రత్త భారమంతా తడి చేతులతో పనిచేసే ఆడవాళ్ళ మీదా, ప్లగ్గులియ్యని యజమాని దగ్గర పనిచేసే కుర్రాళ్ళ మీదా పడుతుంది.

నేనింతగా చెప్పే మూడో పిన్ను కూడా ఒంటరిగా ఎవర్నీ కాపాడలేదు. చాలా ఇళ్ళల్లో సాకెట్ల వెనక పచ్చ తీగలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. చివరికి అవి భూమిని చేరవు. గుంట ఎండిపోయి ఉంటుంది, లేదా అసలు తవ్వనే తవ్వరు. అలాంటి ఇంట్లో ఫ్రిజ్జులో లీకైన కరెంటు ఆ పచ్చ తీగ మీదుగానే వాషింగ్ మెషీన్ రేకుకీ గీజరు పైపుకీ పాకుతుంది. చెడిపోయింది ఒకటి, షాక్ కొట్టేది మరొకటి.

కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ బోర్డులో ఉందిగా అంటారు. ఎంసీబీ కాపాడేది తీగని, మనిషిని కాదు. ఆ 40 వాట్ల బల్బు తాగేది సుమారు 170 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆపడానికి అంతకన్నా తక్కువే చాలు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ మనుషుల మీదే కొలిచి చూశాడు. సగటున మగవాళ్ళకి 16, ఆడవాళ్ళకి పదిన్నర మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్న తీగని వదల్లేరు. ఆయనే 1961లో ఒంట్లోంచి పోతున్న కరెంటుని పసిగట్టి సరఫరా కోసేసే పరికరం చేశాడు. మన బోర్డుల్లో పెట్టే ఆర్‌సీసీబీది అదే సూత్రం. ఫేజులో వెళ్ళిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ పోల్చుకుంటుంది. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. అంత తేడా వస్తే సెకనులో మూడో వంతు గడిచేలోపే పడిపోతుంది. ఎర్త్ సరిగా లేని ఇంట్లోనూ పనిచేస్తుంది. ఒక చేత్తో ఫేజు, రెండో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అదేమీ చెయ్యలేదు. ఆర్‌సీసీబీ ఉందని ఎర్త్ మానుకోమనడం లేదు, రెండూ కావాలి.

అద్దె ఇల్లు చూడబోయినప్పుడు నీళ్ళు అడుగుతాం, వాస్తు అడుగుతాం, బండి ఎక్కడ పెట్టుకోవాలో అడుగుతాం. ఎర్త్ గుంట చూపించండి, బోర్డులో ఆర్‌సీసీబీ చూపించండి అని కూడా అడగాలి. ఆ ఖర్చు ఇంటి ఓనరుది, అపార్టుమెంటు కట్టినవాళ్ళది. పాలరాయి పరిచినవాళ్ళకి అదొక లెక్క కాదు.

ఆర్‌సీసీబీ మీద 'టి' అని ఓ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే దాన్ని మార్చాల్సిందే. వానాకాలం రాగానే మాటిమాటికీ పడిపోతోందని డైరెక్ట్ చేయించేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. పడిపోయినప్పుడు ఇంట్లో అన్ని ప్లగ్గులూ పీకండి. స్విచ్ ఆపితే సరిపోదు, స్విచ్ ఫేజునే ఆపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. తర్వాత ఆర్‌సీసీబీ ఎత్తి ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. ఏది పెట్టినప్పుడు పడిపోతుందో ఆ వస్తువుని రిపేరుకి పంపండి. అన్నీ పీకేశాక కూడా నిలవకపోతే తప్పు గోడలోని వైరింగులో ఉంది, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.