నడపకుండానే నిజం చెప్పించే విద్య

లినక్స్‌లో ఏ సాఫ్ట్‌వేర్‌నైనా సోర్సు నుంచి కట్టుకున్నవాళ్లకు ఆ దృశ్యం పరిచయమే. కాన్ఫిగర్ స్క్రిప్టును కదిలించగానే తెర మీద ప్రశ్నలూ జవాబులూ జలజలా రాలుతాయి. సీ కంపైలర్ ఉందా? ఉంది. పనిచేస్తోందా? చేస్తోంది. అది వండి పెట్టే ఫైలు పేరేమిటి? ఏ.అవుట్. లాంగ్ ఎన్ని బైట్లు? 8. మనం టీ తాగి వచ్చేసరికి ఆ జాబితా తెర దాటి పైకి వెళ్లిపోతుంది. దాన్ని ఎవరూ చదవరు. చాలా ఏళ్లు నేనూ చదవలేదు.

ఒక సెలవురోజు ఊరికే ఆ స్క్రిప్టును తెరిచాను. వేల వరసల షెల్ కోడు. మనిషి చేత్తో రాసింది కాదు, ఎం4 అనే మాక్రో భాష నుంచి యంత్రం దించింది. కంటికి ఇంపుగా ఉండే విషయం అందులో ఒక్కటీ లేదు. కానీ ఆ తుప్పల మధ్య కొన్ని చోట్ల కనిపించిన పనితనం ముందు చాలాసేపు ఆగిపోయాను. ఆ చోట్ల గురించే ఈ వ్యాసం.

ఈ స్క్రిప్టులను తయారుచేసే పనిముట్టు ఆటోకాన్ఫ్. 1991 వేసవిలో డేవిడ్ మెకెంజీ దాన్ని మొదలుపెట్టాడు. అప్పట్లో ఆయన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కోసం గ్నూ వారి చిన్న చిన్న పనిముట్లను చూసుకునేవాడు. ఒక్కో కంపెనీకి ఒక్కో యూనిక్స్ ఉన్న కాలమది. ఒకచోట ఉన్న ఫంక్షన్ మరోచోట ఉండదు, ఉన్నా వేరే హెడర్‌లో ఉంటుంది. ప్రోగ్రాము కట్టుకోవాలంటే మేక్‌ఫైల్ తెరిచి, తన యంత్రానికి నప్పే స్విచ్చులేమిటో మనిషే తేల్చుకోవాలి. ఆ స్విచ్చులు ఇరవై దాకా పెరిగాయి.

అప్పటికే వాడుకలో ఉన్న ఒక దారి, యంత్రాల పేర్ల పట్టిక పెట్టుకోవడం. ఇది ఫలానా సన్ యంత్రం కాబట్టి దీని లక్షణాలు ఇవి అని ముందే రాసి ఉంచడం. పేరును నమ్మితే ఏమవుతుందో మనకు సామెతే ఉంది: పేరు గొప్ప, ఊరు దిబ్బ. కొత్త యంత్రం రాగానే పట్టిక పాతబడుతుంది. పాత యంత్రంలోనే ఎవరో కొత్త లైబ్రరీ వేసుకుంటే పట్టిక అబద్ధమాడుతుంది. ఆటోకాన్ఫ్ పేరు అడగడం మానేసి మెతుకు పట్టి చూడటం మొదలుపెట్టింది. ప్రతి ప్రశ్నకూ కాన్‌ఫ్టెస్ట్ అనే పేరుతో నాలుగైదు వరసల బుల్లి సీ ప్రోగ్రాము రాస్తుంది, దాన్ని కంపైలర్‌కు ఇస్తుంది. కంపైలర్ మింగిందా, జవాబు అవును. కక్కిందా, కాదు.

అసలు తొలి ప్రశ్న నుంచే దీని వినయం కనిపిస్తుంది. కంపైలర్ తయారుచేసే ఫైలు పేరు కూడా తనకు తెలుసని అనుకోదు. ఒక ప్రోగ్రామును ఇచ్చి, ఆ తర్వాత ఫోల్డర్‌లోకి తొంగిచూసి, ఏ.అవుట్ వచ్చిందా, ఏ.ఎక్స్ఈ వచ్చిందా, బి.అవుట్ వచ్చిందా అని వెతుకుతుంది. ఇది గ్నూ కంపైలరేనా అని తేల్చడానికి ఇంకో తమాషా చేస్తుంది: గ్నూ వాళ్ల గుర్తు నిర్వచించి లేకపోతే 'చోక్ మీ' అన్న రెండు మాటలు కంపైలర్ గొంతులో పడేలా ప్రోగ్రాము రాస్తుంది. అది సీ భాషలో అర్థంలేని వాక్యం. పడితే ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాల్సిందే. ఇంత పొడిపొడి కోడులో ఈ హాస్యం ఎవరిదో గాని, దాన్ని అలాగే ఉండనిచ్చినవాళ్లకు నమస్కారం.

ఇక్కడిదాకా తేలిక. అసలు పరీక్ష క్రాస్ కంపైలింగ్‌లో వస్తుంది. బల్ల మీద ఇంటెల్ లాప్‌టాప్ ఉంది, పక్కన చిన్న ఆర్మ్ బోర్డు. వంట లాప్‌టాప్‌లో, భోజనం బోర్డు మీద. కంపైలర్ ఇక్కడ నడుస్తుంది గాని అది తయారుచేసిన ప్రోగ్రాము ఇక్కడ నడవదు. ఆటోకాన్ఫ్ ఈ లెక్కను మూడు పేర్లతో రాసుకుంటుంది: కట్టే చోటు బిల్డ్, నడిచే చోటు హోస్ట్. కట్టేది ఒక కంపైలరే అయితే, అది ఏ యంత్రం కోసం కోడు పుట్టించాలో అది టార్గెట్. మూడూ వేరువేరైతే దాన్ని కెనడియన్ క్రాస్ అంటారు. ఆ పేరు పెట్టిననాడు కెనడాలో మూడు జాతీయ పార్టీలు ఉండేవి, అంతకుమించి సంబంధమేమీ లేదు.

ప్రోగ్రామును నడపగలిగితే లాంగ్ ఎన్ని బైట్లో తెలుసుకోవడం ఒక్క వరస పని: అచ్చు వేయమంటే వేస్తుంది. నడపలేనప్పుడు? యంత్రం పేరు చూసి చెప్పడానికీ లేదు. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4. ఈ సంగతి కంపైలర్‌కు తెలుసు. కానీ కంపైలర్ సంభాషణ చేసే ప్రాణి కాదు. ఒప్పుకోవడం, తిరస్కరించడం, ఈ రెండే దానికి వచ్చు. అందుకని ఆటోకాన్ఫ్ దాన్ని కోర్టులో సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నిస్తుంది: అవునా కాదా, అంతే చెప్పు.

అడిగే తీరు ఇదీ. సీ భాషలో అర్రే పొడవు రుణ సంఖ్య కాకూడదు. కాబట్టి ఒక అర్రేను ప్రకటించి, దాని పొడవు దగ్గర చిన్న లెక్క పెడతారు: మనం అనుకున్నది నిజమైతే ఆ లెక్క 1 అవుతుంది, అబద్ధమైతే రుణ 1 అవుతుంది. నిజమైతే కంపైలర్ మారుమాట్లాడదు. అబద్ధమైతే ఇలాంటి అర్రే కుదరదని కేకపెడుతుంది. ఆ కేకే మనకు జవాబు.

ఇప్పుడు వెతుకులాట. ముందు ఆ విలువ సున్నాకు తక్కువ కాదని ఖాయం చేసుకుంటుంది. తర్వాత, 0కి మించదా? కేక. 1కి మించదా? కేక. 3కి? కేక. 7కి? కేక. 15కి మించదా? నిశ్శబ్దం. ఇక జవాబు 8కీ 15కీ మధ్య ఎక్కడో ఉందన్నమాట. మధ్యకు కోస్తుంది: 11కి మించదా? నిశ్శబ్దం. 9కి? నిశ్శబ్దం. 8కి? నిశ్శబ్దం. చేతిలో 8 ఉంది. మొత్తం తొమ్మిది సార్లు కంపైల్ చేసింది, ఒక్కసారి కూడా నడపలేదు. వేళ్ల మీద లెక్కవేస్తూ ఈ తొమ్మిది మెట్లూ దిగి చూసిన సాయంత్రం నాకు కలిగిన ఆనందం, మంచి పద్యం పొడుపు విడిపోయినప్పటి ఆనందం లాంటిదే.

దీనికన్నా నాకు ఇష్టమైనది ఇంకొకటుంది. రెండు బైట్ల సంఖ్యను మెమరీలో దాచేటప్పుడు పెద్ద స్థానాన్ని ముందు పెట్టే యంత్రాలు కొన్ని, చిన్న స్థానాన్ని ముందు పెట్టేవి కొన్ని. బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అని వీటికి పేర్లు పెట్టినవాడు డానీ కోహెన్. 1980లో రాసిన ఒక వ్యాసంలో, గుడ్డును ఏ కొన దగ్గర పగలగొట్టాలన్న గలివర్ కథలోని తగాదా నుంచి తెచ్చాడు. మనకు ఇది మరీ వింతేమీ కాదు. శకసంవత్సరాన్ని మాటల్లో చెప్పే శాసనాల పద్ధతిలో ఒకట్ల స్థానమే ముందొస్తుంది. ఉదాహరణకు ఋషి, వేద, నేత్ర, చంద్ర అంటే 7, 4, 2, 1. వెనక నుంచి చదివితే 1247. అచ్చమైన లిటిల్ ఎండియన్.

నడపలేని యంత్రం ఈ రెండింటిలో ఏ జాతిదో ఎలా కనుక్కోవడం? ఆటోకాన్ఫ్ ముందు హెడర్లను అడుగుతుంది. అవి పెదవి విప్పకపోతే రెండు బైట్ల సంఖ్యల అర్రేలు ప్రోగ్రాములో పెడుతుంది. మొదటి సంఖ్య పదహారింటి లెక్కలో 4249. అందులో 42 అంటే ఆస్కీ పద్ధతిలో 'బి' అనే ఇంగ్లిషు అక్షరం, 49 అంటే 'ఐ'. ఇలా ఆరు సంఖ్యలు. పెద్ద స్థానం ముందుపెట్టే యంత్రం కోసం కంపైల్ చేస్తే ఆ సంఖ్యలన్నీ ఆబ్జెక్ట్ ఫైలులో వరసగా పడి 'బిగ్‌ఎన్‌డియన్‌సిస్' అన్న పన్నెండు అక్షరాల మాట తయారవుతుంది. చిన్న స్థానం ముందుపెట్టే యంత్రానికైతే ప్రతి జంటా తిరగబడి మాట ముక్కలవుతుంది. దానికి జోడీగా ఇంకో అర్రే ఉంది, అది తిరగబడితేనే 'లిటిల్‌ఎండియన్' అని చదవడానికి వస్తుంది. ఇక చేయాల్సిందల్లా ఆ ఫైలులో గ్రెప్‌తో రెండు మాటలూ వెతకడమే. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ కలగాపులగంగా వాడటం వల్ల అలాంటి మాట ఏ ఫైలులోనూ కాకతాళీయంగా కనబడదు. ఆస్కీ వాడని ఐబీఎం పెద్ద యంత్రాల కోసం ఎబ్సిడిక్ పద్ధతిలో మరో జత అర్రేలు కూడా ఉన్నాయి. రెండు మాటలూ దొరికితే? అలా జరగకపోవచ్చు, కానీ ఎవరు చూడొచ్చారు అన్న అర్థంలో ఒక వ్యాఖ్య రాసి, జవాబు తెలియదని ఒప్పుకుంటుంది. ఆ వ్యాఖ్య రాసిన చేయి అనుభవజ్ఞుడిది.

ప్రాణంలేని ఫైలులో అక్షరాలు దాచి బయట నుంచి చదివే ఈ ఎత్తును సీమేక్ అనే మరో పనిముట్టు ఇంకో మెట్టు ఎక్కించింది. సీమేక్ పుట్టింది 2000లో, కిట్‌వేర్ సంస్థలో. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం కోసం తలపెట్టిన ఐటీకే అనే వైద్య చిత్రాల సాఫ్ట్‌వేర్‌ను యూనిక్స్‌లోనూ విండోస్‌లోనూ కట్టాల్సివచ్చింది. విండోస్‌లో షెల్ స్క్రిప్టు మీద ఆధారపడలేరు. కాబట్టి సొంత దారి వేసుకోక తప్పలేదు.

సీమేక్ వేసే మొదటి ప్రశ్న, 'నువ్వెవరు?' సీసీ అన్న పేరు వెనక ఏ కంపైలర్ అయినా ఉండొచ్చు. పైగా వీళ్లలో కొందరు మారువేషాల వాళ్లు. క్లాంగ్ తనను తాను గ్నూ 4.2.1 అని కూడా చెప్పుకుంటుంది, గ్నూ కోసం రాసిన కోడు తన దగ్గరా చెల్లాలని. ఆపిల్ వాళ్ల క్లాంగ్ మళ్లీ మామూలు క్లాంగ్ గుర్తు కూడా పెట్టుకుంటుంది. ఇంటిపేరు ఒకటే అయిన వీధిలో మనిషిని వెతికినట్టే ఇది. ప్రశ్నల వరస తప్పితే వేరే ఇంటి తలుపు తడతాం. అందుకే ఆ గుర్తింపు ఫైలులో ఆపిల్ క్లాంగ్ ప్రశ్న ముందు, క్లాంగ్ తర్వాత, గ్నూ వంతు ఆ రెంటి కింద.

దొరికిన జవాబును ప్రోగ్రాము అచ్చు వేయదు. 'ఇన్ఫో' అన్న మాటతో మొదలయ్యే ఒక స్ట్రింగ్‌గా ఎక్జిక్యూటబుల్ లోపల పెట్టేస్తారు. సీమేక్ ఆ ఫైలును డేటాలా తెరిచి ఆ మాట కోసం వెతుకుతుంది. చూడ్డానికి ఇంతే. కానీ ఆ సోర్సు ఫైలు పక్కన పెట్టుకుని చూస్తే ప్రతి వరసలో ఒక పాత దెబ్బ మచ్చ కనిపిస్తుంది. స్ట్రింగ్‌ను ఒకే ముక్కగా రాయరు, ముక్కలు చేసి పక్కపక్కన పెడతారు: వెతికేటప్పుడు సోర్సులోని పాఠమే దొరికి మోసపోకూడదని. దాన్ని అర్రేలో కాక పాయింటర్‌లో ఉంచుతారు: కొన్ని కంపైలర్లు అర్రేను చూస్తే స్ట్రింగ్‌ను దాచడం మానేసి, ఒక్కో అక్షరాన్ని నింపే ఆదేశాలు పుట్టిస్తాయట. వెర్షన్ సంఖ్యను మాత్రం అంకె అంకెగా విడదీస్తారు, పదితో భాగించి శేషానికి సున్నా అక్షరాన్ని కలిపి. చివరికి మెయిన్‌లో ప్రతి స్ట్రింగ్ నుంచీ ఆర్గ్‌సీ స్థానంలోని అక్షరాన్ని తీసి కూడుతూ పోతారు. ఆ కూడికకు అర్థమేమీ లేదు. ఆర్గ్‌సీ విలువ నడిచేదాకా ఎవరికీ తెలియదు కాబట్టి, ఈ స్ట్రింగులు అనవసరమని ఏ ఆప్టిమైజరూ ఊడ్చేయలేదు. ఎప్పటికీ నడవకపోవచ్చని తెలిసిన ప్రోగ్రాములో, నడుస్తుందన్న భయం కంపైలర్‌కు కల్పించడం కోసం రాసిన కోడు!

మెసన్ అనే ఇంకో పనిముట్టుది ఈ విషయంలో వేరే స్వభావం. యంత్రం ఎండియన్ ఏమిటో క్రాస్ ఫైలులో నువ్వే రాయి అంటుంది, కావాలంటే క్యూఈఎంయూ లాంటి అనుకరణ యంత్రం పేరు ఇవ్వు, దాంతో నడిపి చూస్తానంటుంది. నిజాయితీ ఉన్న పద్ధతే. అబ్బురపరచదు, అంతే.

పొగడ్త ఇంతటితో ఆపితే అబద్ధమవుతుంది. నడిపితే తప్ప తేలని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: మాలాక్‌ను సున్నా బైట్లు అడిగితే ఏమిస్తుంది అన్నది అలాంటిది. అక్కడ ఆటోకాన్ఫ్ పాత వెర్షన్లు చెడునే ఊహించుకునేవి. ఫలితంగా కట్టడం చివర్లో, మాలాక్ బదులు పెట్టిన ఆర్‌పీఎల్_మాలాక్ దొరకలేదంటూ లింకర్ పెట్టే గోల, క్రాస్ కంపైల్ చేసే చాలామందికి కంఠస్థం. ఆపరేటింగ్ సిస్టం లేని ఉత్త చిప్పులకు లింక్ చేయడమే కుదరదు కాబట్టి సీమేక్ 3.6 నుంచి స్టాటిక్ లైబ్రరీ దగ్గరే ఆగే వీలిచ్చింది. ఆ దారి ఎంచుకున్నవాళ్లకు ఫంక్షన్ ఉందా అన్న ప్రతి పరీక్షకూ 'ఉంది' అనే వస్తుంది, లింక్ చేసి చూసేవాళ్లే లేరు కదా.

అసలు లోతైన లోపం మరొకటి. కేకనే జవాబుగా తీసుకున్నప్పుడు, కేక ఎందుకు వచ్చిందో ఎవరూ అడగరు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడినప్పుడు దాని సీమేక్ ఫైలులో ఇంకో సంగతి కూడా దొరికింది. ల్యాండ్‌లాక్ అనే రక్షణ కవచం ఉందా అని చూసే పరీక్ష ప్రోగ్రాములో, ఒక వరసలో ఒంటరిగా ఒక చుక్క. దాంతో ఆ ప్రోగ్రాము ఎక్కడా కంపైల్ కాదు. జవాబు ఎప్పుడూ 'లేదు'. కవచం ఎప్పుడూ ఒంటికెక్కదు.

కుట్ర లేకపోయినా ఇదే జరగొచ్చు. 2023లో క్లాంగ్ 16, 2024లో గ్నూ వారి జీసీసీ 14, ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే హెచ్చరికతో సరిపెట్టడం మాని దాన్ని తప్పు కింద జమకట్టసాగాయి. ఇరవై ముప్పై ఏళ్ల కిందటి పరీక్ష ప్రోగ్రాములు ఎన్నో హెడర్ పెట్టకుండానే ఎగ్జిట్‌ను పిలిచేవి. అవన్నీ ఒక్కసారిగా 'లేదు' అనడం మొదలుపెట్టాయి. ఎక్కడా ఏదీ ఆగలేదు. ప్రోగ్రాము కట్టడం పూర్తయ్యేది, కాకపోతే ఒక సదుపాయం తగ్గి.

దీన్ని పట్టుకోవడానికి లినక్స్ పంపిణీల వాళ్లకు అక్కరకొచ్చినది మళ్లీ ఆటోకాన్ఫ్ వదిలిపెట్టిన లెక్కల పుస్తకమే. కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలులో అది ప్రతి ప్రశ్ననూ, కంపైలర్ పెట్టిన ప్రతి కేకనూ, విఫలమైన ప్రోగ్రామును పూర్తిగా, ప్రతి వరస ముందూ ఒక నిలువు గీత గీసి మరీ రాసి ఉంచుతుంది. పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్త కంపైలర్‌తో ఒకసారి కట్టి, రెండు చోట్లా వచ్చిన జవాబులను పక్కపక్కన పెడతారు. 'అవును' ఉన్నచోట 'కాదు' కనిపిస్తే అక్కడ ఆగి, ఆ గీతల వెనకున్న నాలుగు వరసల ప్రోగ్రామును చదువుతారు.