యాయీరు ఇంటికి వెళ్లే దారి

బైబిల్ సొంతంగా చదవడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నేను ఆదికాండం చెప్పను. మార్కు సువార్త 5వ అధ్యాయంలో 21 నుంచి 43 దాకా చదవమంటాను.

కథ చాలామందికి తెలిసిందే. యాయీరు అనే సమాజమందిరపు అధికారి, కూతురు చావుబతుకుల్లో ఉందని యేసు కాళ్ల మీద పడతాడు. యేసు బయల్దేరతాడు. దారిలో రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ, గుంపులో వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంటుంది. సండే స్కూల్లో ఇవి విడివిడి కథలు. మార్కు మాత్రం ఒకదాని కడుపులో ఇంకోదాన్ని పెట్టాడు.

అక్కడ పిల్ల ప్రాణం పోతోంది. ఇక్కడ యేసు ఆగి, ముట్టుకున్నదెవరా అని చుట్టూ చూస్తున్నాడు. శిష్యులు ఇంత తొక్కిసలాటలో ఇదేం ప్రశ్నంటారు. యాయీరు ఏమన్నాడో మార్కు ఒక్క ముక్క రాయలేదు. ఆ తండ్రి అవస్థ మన ఊహకే వదిలేశాడు. ఆ స్త్రీని కుమార్తె అని పిలిచి సాగనంపుతున్న మాట పూర్తికాకముందే, యాయీరు కూతురు చనిపోయిందన్న కబురు వస్తుంది.

ఆ స్త్రీ జబ్బు 12 ఏళ్లదని మార్కు ముందే చెప్పాడు. (ఉన్నదంతా వైద్యులకు పోసినా ముదిరిందే తప్ప తగ్గలేదని ఓ విసురు కూడా విసిరాడు.) పిల్ల వయసు మాత్రం, యేసు బతికించగా ఆ పిల్ల లేచి నడిచాక గానీ చెప్పడు: 12 ఏళ్లు. పిల్ల పెరిగినన్నాళ్లూ ఈమె జబ్బుతోనే ఉందన్నమాట. లూకా ఆ వయసును మొదట్లోనే చెప్పేశాడు. మత్తయి కథలో తండ్రి వచ్చేసరికే పిల్ల పోయింది, కనుక ఆలస్యమయ్యే భయమే లేదు. క్లుప్తత మంచిదే గానీ, ఇక్కడ నా ఓటు మార్కుకే.

కొన్ని బైబిళ్లలో కనిపించే ఉపశీర్షికలు మార్కు పెట్టినవి కావు. వచనాల అంకెలూ అంతే. కొత్త నిబంధనకు వాటిని 1551లో ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ వేశాడు. అవి పక్కనపెట్టి ఏకబిగిన చదివితే అల్లిక తెలుస్తుంది.

తర్వాత ఇలాంటి అల్లికే ఉన్న 11వ అధ్యాయానికి వెళ్లండి. యేసు అంజూరపు చెట్టును శపిస్తాడు, దేవాలయంలో వర్తకుల బల్లలు పడదోస్తాడు, మర్నాడు చెట్టు ఎండి కనిపిస్తుంది. మత్తయి చెట్టు కథను ఒకేచోట చెప్పేశాడు. రెండూ పక్కపక్కన చదివితే, ఆకులే తప్ప కాయలేని చెట్టు కథ నడుమ మార్కు దేవాలయాన్ని ఎందుకు పెట్టాడో వ్యాఖ్యాన గ్రంథం తెరవకుండానే పట్టుకోవచ్చు.