వెండితెరమీది ఆస్పత్రి

2003వ సంవత్సరమున వి. వి. వినాయక్ దర్శకత్వమున వెలువడిన ‘ఠాగూర్’ చిత్రములోని ఆస్పత్రి ఘట్టము నెఱుగని తెలుగిల్లు అరుదు. కథానాయకుడు చనిపోయిన మనిషిని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి గొనిపోవును. అచటివారు శవమునకు చికిత్స చేయుచున్నట్లు నటించి, ధనము గుంజి, తుదకు ప్రాణము పోయినదని చెప్పుదురు. అప్పుడాతడు ముందే పొందిన మరణపత్రమును బయటపెట్టును. 2002 నాటి తమిళ చిత్రము ‘రమణ’లోని ఘట్టమే యిది, 2015లో ‘గబ్బర్ ఈజ్ బ్యాక్’ అను పేర హిందీలోనికిని పోయినది. తొలిసారి చూచిననాడు నేనును చప్పట్లు కొట్టినవాడనే.

ఘట్టము కేవలము అబద్ధమని యనను. వైద్యమునకై పొలము లమ్ముకొన్న కుటుంబములను మనమందఱము ఎఱుగుదుము. ఐ.సి.యు. తలుపున కీవల, లోపలి సంగతి తెలియక నిలుచున్నవాని భయమును దర్శకుడు చక్కగ పట్టినాడు. నా యాక్షేపణ వేఱు. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచుట స్థాలీపులాక న్యాయము. ఒకే కుండలో ఒకే మంటపై నుడికిన మెతుకులకే యది చెల్లును. జిల్లా ఆస్పత్రియు, కార్పొరేటు ఆస్పత్రియు, పల్లెలో నొంటరిగా మందిచ్చు డాక్టరును ఒక్క కుండలోనివారా?

ఇంతకంటె పెద్దలోపము మఱియొకటి కలదు. రుసుము గొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినది. రోగిపక్షమువారు కోరినచో చికిత్సాపత్రములను 72 గంటలలో నీయవలెనని భారత వైద్యమండలి 2002 నాటి నియమావళిలో విధించినది. ఆ ఘట్టము చూచి యిల్లు చేరిన నాకు వీనిలో నొక్కటియు తెలియదు. కథానాయకుడు కాలేజీ అధ్యాపకుడే. అయినను ఆతని మార్గము అపహరణము, వధ. పత్రము లడిగి, ఫోరము చుట్టు ఏండ్లతరబడి తిరుగు కథకు ఈలలు పడవు గదా!

ఆంధ్రప్రదేశమున 2008లో వైద్యసిబ్బందిపై దాడులను శిక్షించుటకు ప్రత్యేకముగ చట్టము చేయవలసివచ్చినది. దానికి ఒక్క చిత్రమే కారణమనుట అన్యాయము. కాని నా యనుభవము నొకటి దాచలేను.

కొన్నేండ్ల క్రిందట మా నాన్నగారు ఒక పట్టణపు ఆస్పత్రిలో ఐ.సి.యు.నందుండిరి. రెండవనాటి రాత్రి నా తమ్ముడు, “అన్నయ్యా, లోపల నాన్నగారు బ్రతికే యున్నారా, ఇదియు ఠాగూర్ సినిమాయేనా?” యని నా చెవిలో ననెను. వానిని మందలింపలేకపోతిని, నా మనస్సులోను అదే యనుమానము. అప్పుడు డ్యూటీలోనున్న డాక్టరమ్మ నా శిష్యురాండ్ర యీడుది. ఆమెను ఇద్దఱము నడవలో నిలదీసి నోటికివచ్చినట్లు గద్దించితిమి. చికిత్సాపత్రము లడుగవలెనని మాత్రము తోచలేదు. ఆమె బదులాడక లోనికి పోయెను.

తెల్లవారుజామున నాన్నగారు కన్ను తెఱచిరి. ఆమెతో ఒక్క మాట చెప్పుకొందమని వెదకితిని గాని, అప్పటికే ఆమె డ్యూటీ ముగించుకొని వెడలిపోయియుండెను.