రంగం దారికి రిటన్ లోడు

మా మేనత్త కొడుకు పలాసలో జీడిపప్పు లోడు ఎత్తి ఢిల్లీ దాకా లారీ తోలుతాడు. పోయిన ఆదివారం మా ఊరు బారువ వచ్చి, మా వరండాలో బల్ల మీద పరిచిన మ్యాపులూ పక్కనున్న రెండొందల పేజీల నోటు పుస్తకమూ చూశాడు. టీ చల్లారిపోయేదాకా పేజీలు తిరగేశాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

“అంతా బాగుంది గానీ బావా, రిటన్ లోడు ఏటి?”

నా దగ్గర జవాబు లేదు.

ఆ పుస్తకంలో ఉన్నది బారువ నుంచి రంగూన్‌కి కారులో వెళ్లి, కారును ఓడ ఎక్కించి తిరిగి వచ్చే ప్లాను. మా వైపు రంగూన్ అనరు, రంగం అంటారు. మూడేళ్ల నుంచి రాస్తున్నాను. ఉన్న కారును ఇచ్ఛాపురం దాటించింది నాలుగుసార్లే, అదీ బరంపురంలో పెళ్లిళ్లకు. అయినా రాయడం మానలేదు. ఒకడికి పేకాట, ఒకడికి పద్యం, నాకు ఇదీ.

వెళ్లే దారి నాకు కంఠతా వచ్చు. బరంపురం, భువనేశ్వర్, కోల్‌కతా, సిలిగురి, గువాహటి, దిమాపూర్, కోహిమా, ఇంఫాల్, మోరే. దాదాపు 2300 కిలోమీటర్లు, అదంతా మన దేశమే. మోరేలో గేటు దాటితే బర్మా వైపు తము. అక్కడి నుంచి కలేమ్యో వైపు 160 కిలోమీటర్ల రోడ్డు మన బోర్డర్ రోడ్స్ వాళ్లు వేసిందే, 2001లో తెరిచారు. తర్వాత మాండలే, ఆ తర్వాత రంగం. బర్మాలో 1970 నుంచి బళ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, మన కారుకేమో స్టీరింగూ కుడివైపే. అంటే ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చెప్పాలి. మా ఆవిడ ఆ పని ఇక్కడే చేస్తోంది కాబట్టి దాని గురించి నాకు బెంగ లేదు.

బయలుదేరే నెల విషయంలో మాత్రం మా ఉద్దానం ప్రాంతం మనిషికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అక్టోబరు వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన తెల్లారి చూస్తే తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. వానాకాలం కొండదారులకు మంచిది కాదు. సంక్రాంతి వెళ్లాక బయలుదేరితే ఏప్రిల్‌లోపు ఇంటికి చేరొచ్చు. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. పూర్వం రంగం బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లినవాళ్లలో చాలామందిదీ ఇంచుమించు ఇదే లెక్క. వానలు తగ్గాక ఎక్కడం, మళ్లీ వానలు పడకముందే దిగడం.

వాళ్లు ఎక్కింది ఎలాగో ఒక్కసారి చూడండి. ఈ తీరంలో స్టీమరు ఒడ్డుకు రాదు, దూరాన లంగరు వేసుకుని నిలబడుతుంది. మధ్యలో ఉన్నది కెరటాలు విరిగే చోటు. మేకులు కొట్టిన పడవైతే అక్కడ నాలుగు దెబ్బలకు పలక ఊడుతుంది. అందుకని పలకకు పలక కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, ఒక్క మేకూ లేకుండా. కెరటం కొడితే ఆ పడవ బుట్టలాగా వంగి మళ్లీ సర్దుకుంటుంది. సందుల్లోంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూనే ఉంటాడు. మూడు నాలుగు రోజుల ఓడ ప్రయాణంలో భయమంతా ఈ మొదటి కాస్త దూరంలోనే అనుకుంటాం. కాదనడానికి మా ఊరి ముందే సాక్ష్యం ఉంది. 1917లో పడవ కాదు, చిల్కా అనే ఓడే ఇక్కడ మునిగింది. ఇప్పటికీ నీళ్లడుగున ఉంది.

కాగితాల సంగతి తలుచుకుంటే వాళ్ల మీద అసూయ పుడుతుంది. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. బంగాళాఖాతం దాటినా సరిహద్దు దాటినట్టు కాదు. అప్పట్లో బారువ గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరు పడితే ఇచ్ఛాపురం అవతల ఒక గీత వచ్చింది, మరుసటి ఏప్రిల్‌లో సముద్రం అవతల ఇంకొకటి. బారువ మాత్రం ఉన్నచోటనే ఉంది.

నాకేమో పాస్‌పోర్టు, వీసా, ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్టు, విదేశీ బండికి బర్మా వాళ్ల అనుమతి, వెంట వాళ్ల గైడు. వీటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది కార్నెట్ అనే పుస్తకం. మన దగ్గర చెన్నై, ముంబైలలోని ఆటోమొబైల్ అసోసియేషన్ల దగ్గర దొరుకుతుంది. ప్రతి దేశమూ దాన్ని అడగదు, అడిగే దేశాలు చాలా ఉన్నాయి. కారుకు పాస్‌పోర్టు అని దానికి పేరు గానీ, నిజానికి అది పూచీకత్తు. ఒక్కో పేజీలో చించే ముక్కలుంటాయి. కారు లోపలికి వెళ్లేటప్పుడు ఒకటి చించి ముద్ర వేస్తారు, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. రెండో ముద్ర పడలేదా, కారు అక్కడే ఉండిపోయిందని లెక్కగట్టి సుంకం వసూలు చేస్తారు. అందుకే కారు ఖరీదును బట్టి ముందే హామీ కట్టించుకుంటారు. తిరిగి రాకపోతే ఎంత అని ముందే రాసుకునే కాగితం అన్నమాట.

రంగం వెళ్లిన కూలీకి అలాంటి రెండో ముద్ర లేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉండేది, అది వెళ్లడానికి. ఓడవాడికి మాత్రం రెండు వైపులా లోడే, వెళ్లేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు బర్మా బియ్యం. 1941 డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. మార్చి 8కి ఊరే వాళ్ల చేతికి వెళ్లిపోయింది. ఓడలో చోటు దొరకనివాళ్లు నడిచారు. నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు, దారిలో వేలమంది పోయారు. కొందరు ప్రోమ్ నుంచి కొండలు దాటి టౌంగుప్ చేరి, అక్కడ పడవ పట్టుకుని అక్యాబు, చిట్టగాంగు మీదుగా వచ్చారు. మిగతావాళ్లలో చాలామంది మాండలే దాటి తము, ఇంఫాల్, దిమాపూర్.

నేను ‘వెళ్లే దారి’ అని ఎర్రసిరాతో గీత గీసుకున్న పేర్లే. వాళ్లవి కింది నుంచి పైకి చదువుకోవాలి.

ఈ సంగతి తట్టాక ఆ పేజీ మీద పెట్రోలు లెక్కలు వేయడానికి కొన్నాళ్లు చెయ్యాడలేదు.

మోరేలో ఇంకో కథ ఉంది. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక లక్షల మంది మళ్లీ ఓడలెక్కి ఇటు వచ్చారు. మన విశాఖలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు వాళ్ల వల్ల వచ్చిందే. తమిళనాడులో దిగినవాళ్లలో కొందరికి ఇక్కడ కుదరక, రోడ్డు దారిన తిరిగి బర్మాకే బయలుదేరారు. సరిహద్దులో ఆపేశారు. వెనక్కి వెళ్లలేక మోరేలోనే ఉండిపోయారు, గుడి కట్టుకున్నారు. మణిపూర్ చివర, గేటుకు కూతవేటు దూరంలో, ఇప్పటికీ తమిళ సంఘం ఉంది.

ఆ గేటు 2018 ఆగస్టులో పాస్‌పోర్టు, వీసా ఉన్నవాళ్లందరికీ తెరిచారు. నేను ఈ నోటు పుస్తకం కొనేనాటికే అది మూతపడింది. 2020లో కరోనా, 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం చేతికి అధికారం, 2023 మే నుంచి ఇటు మణిపూర్‌లో మంటలు. కాబట్టి నా ప్లానులో మొదటి రోజు తారీఖు గడి ఖాళీగానే ఉంది.

ఇక సముద్రం. ఉద్దానం వాళ్లకు ఓడ అంటే ఇప్పుడు విశాఖ నుంచి అండమాన్ వెళ్లేదే. అక్కడ మన జాలరి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రంగానికి అలా టికెట్టు కొని ఎక్కే ఓడ లేదు. 2023 మేలో కోల్‌కతా నుంచి సిట్వే రేవుకు మొదటి సరుకు ఓడ వెళ్లింది. సిట్వే అంటే పాత అక్యాబే. ఆ ఓడ మనుషుల్ని ఎక్కించుకోదు. కారును మాత్రం రంగంలో కంటైనరులో పెట్టి, బ్యాటరీ తీగ విప్పి, ట్యాంకులో పెట్రోలు అడుగంటేదాకా తీసేసి, చెన్నైకి పంపించొచ్చు. మనం విమానంలో వచ్చి రేవు దగ్గర కాచుకోవాలి.

ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు రోజూ చూసే సరుకే సముద్రం దాటి వస్తుంది. ఆఫ్రికా నుంచి జీడిపిక్క విశాఖ రేవులో దిగి పలాస చేరితే, పప్పుగా మారి వాడి లారీ ఎక్కుతుంది. వింటూ వింటూ పుస్తకం చివరి పేజీ తీశాడు. అక్కడ ఒక్కటే లైను, చెన్నై హార్బరు నుంచి బారువ, సుమారు వెయ్యి కిలోమీటర్లు. పెన్సిలుతో రాశాను.

“ఇది పెన్నుతో రాసీ బావా,” అన్నాడు. “ఖాళీ కంటైనరులా రాకు. చెన్నైలో దిగీసి నాకు ఫోన్ చెయ్యి, అటేపు లోడు నాను సూస్తాను.”