ముందు గోడ ప్లగ్గు, తర్వాతే గ్రాఫిక్ కార్డ్

గేమింగ్ కంప్యూటర్ కోసం మా అక్క కొడుకు రాసుకొచ్చిన చిట్టాలో మొదట గ్రాఫిక్ కార్డ్, రెండోది రంగు లైట్ల ఫ్యాన్లు. అన్నిటికీ కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ ఊసే లేదు. “అది క్యాబినెట్‌తోనే వస్తుంది గదా మామా” అన్నాడు.

అలా వచ్చేదాన్ని నేను నమ్మను. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లని ఉంటుంది. చూడాల్సింది పక్కనున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి. ప్రాసెసర్‌కీ కార్డ్‌కీ కరెంటు దాదాపు అంతా అక్కణ్ణుంచే పోతుంది. ఆ గడిలో 18 ఆంపియర్లని ఉందనుకోండి, 12తో హెచ్చవేస్తే 216 వాట్లు. వాడు కోరిన ఆర్టీఎక్స్ 3060 ఒక్కటే 170 లాగుతుంది. మిగిలిన 46తో ప్రాసెసర్ ఏం కావాలి? అందుకే పేరున్న కంపెనీది 550 వాట్ల ఎస్ఎంపీఎస్ విడిగా కొనాలన్నాను. లైట్ల డబ్బులో సగం దానికే పోయింది, వాడి మొహం మాడింది.

మా ఊరు ఆండిపట్టిలో కంప్యూటర్ కొనేవాడు ఎస్ఎంపీఎస్ దగ్గర ఆగితే చాలదు, గోడ దాకా వెళ్లాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంట్లో ఉన్న యూపీఎస్ 600 వీఏది. అంటే మోసేది సుమారు 360 వాట్లు. ఆట మంచి ఊపులో ఉండగా కరెంటు పోతే అంత బరువూ దాని మీదే పడుతుంది. ఈ లెక్కతోనే 3060 పక్కకెళ్లి 4060 వచ్చింది. అది 115 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ప్రాసెసర్, బోర్డు, మానిటర్ అన్నీ కలిపినా మూడొందలు దాటదు.

కార్డ్ తేలితే బోర్డు తేలినట్టే. స్లాట్‌లో పదహారు లేన్లున్నా 4060 ఎనిమిదే వాడుకుంటుంది. పీసీఐఈ 3.0 ఉన్న బీ450 బోర్డులో పెడితే ఆ ఎనిమిదీ సగం వేగంతోనే నడుస్తాయి. కాబట్టి బీ550. ప్రాసెసర్ రైజెన్ 5 5600. దుకాణంలో 5600జీ అంటగట్టబోయారు, ‘అదీ ఇదీ ఒకటే సార్’ అని తమిళంలో. ఒకటి కాదు. జీ ఉన్నదానికి సొంత గ్రాఫిక్స్ ఉంటుంది, కానీ అది 3.0 దగ్గరే ఆగిపోతుంది. బీ550కి పెట్టిన డబ్బు వృథా. నూలు నంబరు చూడకుండా మగ్గానికి పన్నె కొనే నేతగాడు మా సక్కంపట్టిలో ఉండడు. ఇక్కడా అంతే.

ఏఎం5కి పోలేదేమని అడిగాడు. 2022లో వచ్చిన ఆ సాకెట్‌కి డీడీఆర్5 ర్యామ్ తప్ప పనికిరాదు. ఏఐ సర్వర్ల గిరాకీకి 2025 చివర్నుంచి ర్యామ్ ధర చుక్కలనంటింది. పాత కంప్యూటర్‌లో ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ముక్కలు రెండున్నాయి, వాటిని పారేయడమెందుకు? డీడీఆర్5కీ వీటికీ పిన్నులు 288 చొప్పునే, కాకపోతే మధ్యలో గాడి ఉండే చోటు వేరు. చేత్తో పట్టుకుని పక్కపక్కన పెట్టి చూపించాక వాడు ఇంకేమీ అనలేదు.

పాత మానిటర్‌తో చిక్కే వచ్చింది. దానికి వీజీఏ ఒక్కటే, కొత్త కార్డ్‌కి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే. మధ్యలో కన్వర్టర్ పెట్టాం. పైగా అది 60 హెర్ట్జ్‌ది. కార్డ్ వంద ఫ్రేములు గీసినా కంటికి అందేది అరవై. మానిటర్ వచ్చే ఏడు చూద్దామన్నాను. వాడికది నచ్చలేదు. నాకూ నచ్చలేదనుకోండి.

వాడు ఆడే వాలరెంట్ నడవాలంటే విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. బయోస్‌లో అవి వెతికి పెట్టింది వాడే, నేను కాదు.

గొడవంతా క్యాబినెట్ దగ్గరే. వాడికి ముందువైపు అద్దం కావాలి, నాకు జాలీ కావాలి. మా వీధిలో పగలంతా మగ్గాలాడతాయి; నూలు పీచు గాల్లో తేలి ఫ్యాన్ రెక్కలకి దూదిలా అంటుకుంటుంది. అద్దం పెడితే చల్లగాలి రాదు, జాలీ పెడితే పీచు వస్తుంది. చివరికి జాలీ, దాని వెనక ఊడదీసి కడిగే ఫిల్టర్. పదిహేను రోజులకోసారి కడగడం వాడి పని. బదులుగా లైట్లున్న ఫ్యాన్ ఒక్కటి కొనిచ్చాను, వెనకవైపుకి.