ముందు ఎదుటివారి మాట

నవంబరు వచ్చిందంటే నా సంచిలోకి ఇత్తడి గంట, గడియారం, చీటీల డబ్బా చేరతాయి. 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. రాష్ట్రమంతటా గ్రంథాలయాల్లో బడిపిల్లలకు పోటీలు పెట్టే వారం. తునిలో హైస్కూలు పిల్లల వాదపోటీ చూసుకునే పని నాది. తాండవ నది అవతల పాయకరావుపేట నుంచీ పిల్లలొస్తారు.

మొదటి ఏడాది ‘కత్తి గొప్పదా, కలం గొప్పదా’ అన్న పాత అంశమే ఇచ్చాను. ఓ తొమ్మిదో తరగతి కుర్రాడు ఎక్కడా తడబడకుండా దంచేశాడు. చప్పట్లే చప్పట్లు. ప్రథమ బహుమతి అతనికే ఇచ్చాం. తర్వాత లేచిన అమ్మాయి అతనన్న మాటలు ఒక్కొక్కటే తీసుకుని, ఆగి ఆలోచించి, తడుముకుంటూ జవాబు చెప్పింది. ఆ పిల్లకేమీ రాలేదు. సాయంత్రం బల్లలు సర్దుతుంటే నా తప్పు తెలిసొచ్చింది. ఆ రోజు వాదించింది ఆ పిల్ల ఒక్కతే. కుర్రాడు పాఠం అప్పజెప్పాడు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ఎవరిది అనుకూలమో, ఎవరిది ప్రతికూలమో పావుగంట ముందు చీటీ తీస్తేనే తెలుస్తుంది. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. మూడో నిమిషానికి ఒక గంట, నాలుగో నిమిషానికి రెండు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. తమ బడి పిల్లలకు ఎవరూ మార్కులు వేయరు. కాగితాలు నా చేతికిచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పాతిక మార్కుల్లో పది, ఎదుటి పక్షానికి చెప్పిన జవాబుకే.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటుంది. ఖండించే ముందు ఎదుటివారి వాదనను, వాళ్లే అవునని తలూపేంత సరిగ్గా చెప్పాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. మన శాస్త్ర గ్రంథాల్లో పూర్వపక్షం చెప్పాకే సిద్ధాంతం. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహం కోసం వాదించినప్పుడు, పండితులు నమ్మిన ధర్మశాస్త్రాల్లోంచే ఆధారాలు తీసి వాళ్ల ముందు పెట్టారు. అవతలివారి పుస్తకం చదవనివాడు చేయగలిగిన వాదన కాదది. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి జరిపించారు.

అంశాలు కూడా పిల్లల ఇళ్లలోంచే ఏరుతున్నాను. కిందటేడు ఇచ్చింది: ‘మామిడి తోట పూతమీదే వ్యాపారికి అమ్మేయాలా, కాయ దించి మనమే మార్కెట్‌కి తోలుకోవాలా?’ మామిడికి పేరున్న మా తుని వైపు దీనికి పుస్తకాలు తిరగేయక్కర్లేదు.

పదో తరగతి అమ్మాయికి ‘పూతమీదే అమ్మేయాలి’ అని చీటీ వచ్చింది. కళ్లనీళ్లతో నా దగ్గరకొచ్చింది.

“ఇది నావల్ల కాదు మాస్టారండీ. దీనిమీదే మా నాన్నతో రోజూ గొడవ.”

“పావుగంట ఉందమ్మా. కూర్చుని ఆలోచించుకో.”

తన వంతు రాగానే లేచింది. ఒక్క రాత్రి ఈదురుగాలికి కాయంతా రాలిపోతే ఆ నష్టం ఎవరిదని అడిగింది. కోత కూలి, బళ్ల బాడుగ, బడి తెరిచేనాటికి చేతిలో ఉండాల్సిన డబ్బు, అన్నీ లెక్కగట్టి చెప్పింది. రెండో గంటకు సరిగ్గా ఆపింది.

బహుమతి తీసుకున్నాక మళ్లీ వచ్చింది. “అవన్నీ మా నాన్న మాటలేనండి. ఇంట్లో ఒక్కసారి కూడా చివరిదాకా చెప్పనివ్వలేదు నేను.”